94 కిలోల రైడర్, ఎక్స్‌పల్స్ 200 4వీ: ఫ్రంట్ ఫోర్క్ స్ప్రింగులు మార్చాలా? ఎంత గట్టివి వేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. బండి హీరో కంపెనీ మామూలు ఎక్స్‌పల్స్ 200 4వీ, ప్రో వెర్షన్ కాదు. మీ బరువు 94 కిలోలు, జాకెట్టు, బూట్లు, నీళ్ల బ్యాగుతో కలిపి వంద దాటుతుంది. పాడేరు వైపు, వంజంగి లాంటి రాళ్ల దారుల్లో తిప్పుతున్నారు. దిగేటప్పుడు బ్రేక్ పట్టుకుంటే ముందు భాగం బాగా కుంగిపోతోంది, ఆ స్థితిలో రాయి తగిలితే టక్కుమని లోహం శబ్దం వస్తోంది. ఒక మెకానిక్ ఫోర్క్‌లో 20డబ్ల్యూ ఆయిల్, అంటే బాగా చిక్కటిది, పోయమన్నారు. ఇంకొకరు స్ప్రింగు మీద వాషర్లు పెడితే సరిపోతుందన్నారు. ఒక షాపులో ‘40 శాతం గట్టివి, హెవీ డ్యూటీ’ అంటూ స్ప్రింగుల జత చూపించారు.

ఫోర్కులు విప్పి సెట్ చేయడమే నా పని కాబట్టి ముందు తీర్పు చెప్పేస్తాను. మీ బరువుకు స్ప్రింగులు మార్చడం సరైనదే, కానీ 40 శాతం అక్కర్లేదు, 15 శాతం దగ్గర ఉంటే చాలు. 20డబ్ల్యూ ఆయిల్ అసలు వద్దు. వాషర్ల మాట కొట్టిపారేయలేం, దానికి ఒక హద్దు ఉంది. అయితే ఈ మూడింటిలో దేనికీ డబ్బు పెట్టకముందే రెండు కొలతలు తీయాలి. స్ప్రింగు సంగతి ఆ రెండు కొలతలే చెబుతాయి, షాపువాళ్లో నేనో కాదు.

అంతకంటే ముందు ఆ శబ్దం ఎక్కడిదో తేల్చండి. ఫోర్క్ పూర్తిగా లోపలికి పోయి అడుగు తగిలితే వచ్చే దెబ్బ ఒకటి. రాయి ఎక్కి దూకినప్పుడో, ఎత్తు ఎక్కుతున్నప్పుడో చక్రం కిందికి వేలాడి ఫోర్క్ పూర్తిగా సాగి ఆగితే వచ్చే శబ్దం ఇంకొకటి. దీన్ని టాప్-అవుట్ అంటారు. గట్టి స్ప్రింగు వేస్తే ఇది తగ్గదు, పెరుగుతుంది. హ్యాండిల్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) లూజుగా ఉన్నా దాదాపు అలాంటి శబ్దమే వస్తుంది. ముందు చక్రం గాల్లో ఉండేలా బండి నిలబెట్టి, రెండు ఫోర్క్ లెగ్గులనూ కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. ఆట (వదులు కదలిక) తెలిసిందంటే ముందు కోన్‌సెట్ పని చేయించుకోండి. ఆ ఆటతో తీసే కొలతలను నమ్మలేం.

ఫోర్క్ అడుగు తగులుతోందో లేదో తెలుసుకోవడానికి చిన్న ప్లాస్టిక్ జిప్ టై చాలు. మెరిసే ట్యూబుకి, డస్ట్ సీల్‌కి సరిగ్గా పైన, చేత్తో తోస్తే జరిగేంత బిగువుగా కట్టండి. మామూలుగా వెళ్లే దారిలో ఒకసారి తిరిగి రండి. ఫోర్క్ ఎంతవరకు లోపలికి పోయిందో అది ఆగిన చోటు చెబుతుంది. మీ బండి ముందు ట్రావెల్, అంటే ఫోర్క్ లోపలికి పోగల మొత్తం దూరం, 190 మి.మీ. టై 185 దాటి పోతుంటే అడుగు తగులుతున్నట్టే. 140 దగ్గరే ఆగి, శబ్దం మాత్రం వస్తోందంటే కారణం స్ప్రింగు కాదు.

ఇక ఆ రెండు కొలతలు. వీటిని శాగ్ అంటారు, అంటే బరువుకి ఫోర్క్ ఎంత కుంగిందన్న లెక్క. ముందు చక్రం నేలకు తగలకుండా బండిని స్టాండు మీద పెట్టి, డస్ట్ సీల్ పై అంచు నుంచి కింది క్లాంపు వరకు కనిపిస్తున్న ట్యూబు పొడవు కొలిచి రాసుకోండి. ఫోర్క్ పూర్తిగా సాగినప్పటి కొలత అది. తర్వాత బండిని నేల మీద నిటారుగా నిలబెట్టి, ఎవరూ ఎక్కకుండా, అదే పొడవు కొలవండి. మొదటి దానికీ దీనికీ ఉన్న తేడా ఫ్రీ శాగ్. ఇక మీరు పూర్తి సామానుతో ఎక్కి ఫుట్‌పెగ్గుల మీద నిలబడండి. ఒకరు బండిని వెనక నుంచి నిటారుగా పట్టుకుంటే ఇంకొకరు కొలవాలి. ఇది రైడర్ శాగ్. ఒక్కరే చేయాలని చూడకండి, సరైన అంకె రాదు.

ఇక్కడ చాలామంది వదిలేసే చిన్న మెలిక ఉంది. ఫోర్క్‌లో సీళ్లు, బుష్‌ల రాపిడి వల్ల, పైనుంచి నొక్కి వదిలితే ఒక అంకె, కింద నుంచి ఎత్తి వదిలితే ఇంకో అంకె వస్తాయి. రెండూ తీసి సగటు వేయండి. రెండింటి మధ్య తేడా 15 మి.మీ. దాటితే రాపిడి ఎక్కువగా ఉందని అర్థం. సీలు కింద మట్టి చేరిందో, బుష్‌లు అరిగాయో, చక్రం బిగించినప్పుడు లెగ్గులు వంకరగా కూర్చున్నాయో చూడాలి. ఆ స్థితిలో ఏ స్ప్రింగు వేసినా మొరటుగానే ఉంటుంది.

190 మి.మీ. ట్రావెల్ ఉన్న ఫోర్క్‌కి ఇలాంటి దారుల్లో రైడర్ శాగ్ 25 నుంచి 30 శాతం, అంటే 48 నుంచి 57 మి.మీ. మధ్య ఉండాలి. ఫ్రీ శాగ్ 20 నుంచి 30 మి.మీ. ఉండాలి. రెండూ పరిధిలో ఉంటే మీ బరువుకు స్ప్రింగు సరైనదే, తప్పు ఆయిల్‌లో వెతకాలి. రెండూ ఎక్కువగా ఉంటే ప్రీలోడ్ (బిగించేటప్పుడే స్ప్రింగుని నొక్కి ఉంచే దూరం) తక్కువైనా కావచ్చు, స్ప్రింగు మెత్తనైనా కావచ్చు. స్పేసరు (స్ప్రింగు మీద పెట్టే పైపు ముక్క) పెంచి రైడర్ శాగ్‌ను దారికి తెచ్చాక ఫ్రీ శాగ్ 15 కంటే తక్కువకు పడిపోయిందంటే స్ప్రింగు మీకు మెత్తన అని ఖాయం. దీనికి ఎదురుగా, రైడర్ శాగ్ సరిగ్గా ఉండి ఫ్రీ శాగ్ 35, 40 ఉంటే స్ప్రింగు మరీ గట్టిదని అర్థం. గట్టి స్ప్రింగులు కొని, ప్రీలోడ్ తగ్గించి కూర్చోబెట్టుకున్న బళ్లలో కనిపించేది ఇదే.

దీన్ని అంకెల్లో పెట్టి చూపిస్తాను. ఇవి హీరో కంపెనీ ఇచ్చిన అంకెలు కావు, లెక్క అర్థం కావడానికి నేను తీసుకున్నవి. మీ అంకెలు మీరు కొలిచి ఇందులో పెట్టుకోవాలి. స్ప్రింగు గట్టిదనాన్ని (దీన్నే రేటు అంటారు, ధర కాదు) కేజీ/మి.మీ.లో చెబుతారు, ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోలు కావాలన్న లెక్క. ఒక్కో స్ప్రింగు 0.50 అనుకుందాం, రెండూ కలిపి 1.0. బిగించేటప్పుడే 30 మి.మీ. నొక్కి ఉందనుకుందాం. అదే ప్రీలోడ్. బండి దాదాపు 160 కిలోలు, ముందు భాగం మీద సుమారు సగం. చక్రం, డిస్కు, ఫోర్క్ కింది భాగం బరువు స్ప్రింగు మీద పడదు, అవి తీసేస్తే ముందు స్ప్రింగులు మోసేది దాదాపు 63 కిలోలు. రైడర్ బరువులో 40 శాతం ముందుకు వస్తుందనుకుంటే, 70 కిలోల మనిషికి 28, సామానుతో వంద కిలోల మీకు 40. అంటే ఆయనకి 91 కిలోలు, మీకు 103.

చూడండి, మీ ఇద్దరి బరువులో తేడా 30 కిలోలు ఉన్నా స్ప్రింగు దగ్గరికి వచ్చేసరికి తేడా 13 శాతమే. 15 శాతం చాలని నేను అనడానికి కారణం ఇదే. సొంత బరువు పెరిగిన శాతాన్ని లెక్కగట్టి, అదే శాతం గట్టి స్ప్రింగు కొనేవాళ్లు బండి బరువును మరిచిపోతున్నారు.

ఈ లెక్కన ఇప్పుడున్న స్ప్రింగుతో మీ రైడర్ శాగ్ 73 మి.మీ., ఫ్రీ శాగ్ 33. వాలులో గట్టిగా బ్రేక్ వేస్తే ఉజ్జాయింపుగా ఇంకో 60 కిలోలు ముందుకు వస్తుంది, ఫోర్క్ ఇంకో 60 మి.మీ. దిగుతుంది. మొత్తం 133. రాయిని మింగడానికి మిగిలింది 57 మి.మీ. మీకు టక్కుమనేది అక్కడే. 15 శాతం గట్టి స్ప్రింగు వేసి అదే 30 ప్రీలోడ్ ఉంచితే రైడర్ శాగ్ 60 (పరిధికి కాస్త పైన, ఇంకో 5 మి.మీ. స్పేసరుతో 55కి వస్తుంది), ఫ్రీ శాగ్ 25, బ్రేక్ వేస్తే దిగేది 52. రాయికి మిగిలేది 78 మి.మీ. ఒక సంగతి గమనించండి. బ్రేక్ వేసినప్పుడు కుంగడం 60 నుంచి 52కి మాత్రమే తగ్గింది, చేతులకు పెద్దగా తెలియదు కూడా. స్ప్రింగు మార్చాక కూడా బ్రేక్ వేస్తే ముందు దిగుతూనే ఉందని తిరిగి వచ్చి అడిగేవాళ్లుంటారు. టెలిస్కోపిక్ ఫోర్క్ దిగాల్సిందే. దిగాక కూడా చేతిలో ఎంత ట్రావెల్ మిగిలిందన్నదే మనకు కావాల్సిన అంకె.

ఇప్పుడు వాషర్లు. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడదు, బండి ముందు భాగం లేస్తుంది అంతే. అలాగని దానివల్ల లాభమే లేదని చెప్పే మాటా నిజం కాదు. అదే పాత స్ప్రింగుకి ఇంకో 20 మి.మీ. స్పేసరు పెడితే రైడర్ శాగ్ 53 అవుతుంది, బ్రేక్ వేశాక 77 మి.మీ. మిగులుతుంది. గట్టి స్ప్రింగుతో వచ్చినదానికి దాదాపు సమానం! మరి తేడా ఎక్కడ? ఫ్రీ శాగ్ 33 నుంచి 13కి పడిపోయింది. రాళ్ల మీద ఎత్తు ఎక్కుతుంటే ముందు భాగం తేలికవుతుంది. స్ప్రింగుల మీద బరువు 50 కిలోలకు తగ్గిన క్షణంలో ఈ ఫోర్క్ పూర్తిగా సాగి ఆగిపోతుంది, చక్రం గుంటలోకి దిగలేదు, రాయి మీద నుంచి పక్కకు జారుతుంది. గట్టి స్ప్రింగు వేసిన ఫోర్క్‌లో అదే బరువు దగ్గర ఇంకా 13 మి.మీ. మిగిలి ఉంటుంది. మీరు దిగడమే కాదు, ఎక్కాలి కూడా కదా. పైగా స్ప్రింగుని ముందే ఎక్కువ నొక్కేస్తే చుట్లు ఒకదానికొకటి తగిలి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

కాబట్టి తక్కువ ఖర్చులో మొదలుపెట్టాలంటే 10 మి.మీ. స్పేసరు పెంచి చూడండి, తప్పేం లేదు. మీ కంటే కాస్త తక్కువ బరువున్నవాళ్లకు, 80 కిలోల దాకా, అక్కడితో పని అయిపోవచ్చు. మీ బరువుకు అవ్వదని నా అంచనా.

ఇప్పుడున్న స్ప్రింగు గట్టిదనం తెలియకుండా 15 శాతం గట్టిది ఎలా కొంటారు? స్ప్రింగు బయటికి తీసి, డిజిటల్ వెర్నియర్‌తో తీగ మందం, బయటి వ్యాసం కొలవండి, చుట్లు లెక్కపెట్టండి. బయటి వ్యాసంలోంచి తీగ మందం తీసేస్తే సగటు వ్యాసం. తీగ మందాన్ని నాలుగుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించి (నాలుగో ఘాతం), దాన్ని 78,500తో గుణించండి. ఇది పై భాగం. సగటు వ్యాసాన్ని మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించి (మూడో ఘాతం), దాన్ని 8తోనూ, పని చేసే చుట్ల సంఖ్యతోనూ గుణించండి. ఇది కింది భాగం. పైదాన్ని కిందిదానితో భాగిస్తే న్యూటన్లలో వస్తుంది, 9.81తో భాగిస్తే కేజీ/మి.మీ. రెండు చివర్లలో నేలకు ఆనే చుట్లు పని చేయవు, వాటిని లెక్కలోకి తీసుకోకండి. ఉదాహరణకు 4.5 మి.మీ. తీగ, 25 మి.మీ. సగటు వ్యాసం, 52 పని చేసే చుట్లు ఉంటే 0.50కి కాస్త పైన వస్తుంది.

తీగ మందం నాలుగో ఘాతంలో ఉంది కాబట్టి వెర్నియర్ 0.1 మి.మీ. తప్పు చూపిస్తే జవాబు దాదాపు 9 శాతం మారిపోతుంది. స్ప్రింగు మీద పెయింటు ఉంటే గీకి కొలవండి, నాలుగైదు చోట్ల కొలవండి. లెక్క మీద నమ్మకం లేకపోతే నేరుగా తూచండి. లోపల ఒక గొట్టం దూర్చి స్ప్రింగుని బాత్రూం కాటా మీద నిలబెట్టి, ప్రెస్‌తో 50 మి.మీ. నొక్కి అంకె చూడండి, ఇంకో 50 నొక్కి చూడండి. రెండో అంకెలోంచి మొదటిది తీసి 50తో భాగించండి. లోపల గొట్టం లేకుండా మాత్రం నొక్కకండి, అంత పొడవు స్ప్రింగు వంగి పక్కకు ఎగురుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి.

చుట్లు ఒక చివర దగ్గర దగ్గరగా, ఇంకో చివర దూరం దూరంగా ఉంటే అది ప్రోగ్రెసివ్ స్ప్రింగు. అప్పుడు పై సూత్రం ఒక్క అంకె ఇవ్వదు, తూచడమే మార్గం. బజారులో ఎక్కువగా దొరికేవి కూడా ఈ రకమే. ‘మొదట మెత్తగా, చివర గట్టిగా’ అన్న మాట వినడానికి బాగుంటుంది. నాకు నచ్చవు. మీలాంటి బరువున్నవాళ్లు ఎక్కగానే మెత్తని భాగమంతా కుంగి అయిపోతుంది, మిగతా దారంతా గట్టి భాగం మీదే నడుస్తారు. చివర్లో గట్టిదనం కావాలంటే ఫోర్క్‌లోని గాలి ఆ పని చేస్తుంది. స్ప్రింగు మొదటి నుంచి చివరి దాకా ఒకే రేటుది తీసుకోండి.

రెడీమేడ్‌గా సరైన రేటు దొరక్కపోతే చుట్టించుకోవచ్చు. హైదరాబాద్ బాలానగర్ లాంటి పారిశ్రామిక వాడల్లో ఈ పని చేసే చిన్న యూనిట్లు ఉంటాయి. ‘కాస్త గట్టిగా చుట్టు భాయ్’ అంటే కుదరదు, అంకెలు రాసి ఇవ్వాలి. పై ఉదాహరణలోని స్ప్రింగునే తీసుకుంటే, అదే బయటి వ్యాసం, అదే పొడవు ఉంచి, తీగ 4.6 మి.మీ., పని చేసే చుట్లు 50 చేస్తే సరిగ్గా 15 శాతం పెరుగుతుంది. కంటికి రెండు స్ప్రింగులూ ఒకేలా కనిపిస్తాయి! తీగ క్రోమ్-సిలికాన్ అయితే మంచిది. రెండు చివరలూ మూసి, చదునుగా గ్రైండ్ చేయాలి. చుట్టాక వేడి చేసి ఒత్తిడి తీయడం, ఒకసారి పూర్తిగా నొక్కి వదలడం తప్పక చేయించండి. ఆ రెండూ లేని స్ప్రింగు కొన్ని వారాల్లోనే పొడవు తగ్గి, మీరు కష్టపడి పెట్టిన శాగ్‌ని చెడగొడుతుంది. బయటి వ్యాసం పెంచకండి. నొక్కినప్పుడు స్ప్రింగు కాస్త లావవుతుంది, ట్యూబు లోపలి గోడను గీకుతుంది.

పాత స్ప్రింగునే నాలుగు చుట్లు కోసి గట్టిపరచవచ్చని కూడా ఎవరో ఒకరు చెబుతారు. లెక్క ప్రకారం నిజమే, చుట్లు తగ్గితే రేటు పెరుగుతుంది. 52లో 6 కోస్తే 13 శాతం పెరుగుతుంది. పొడవు తగ్గిన మేరకు పైప్ ముక్క పెడితే బండి ఎత్తు కూడా సరిపోతుంది. కానీ ఉదాహరణ స్ప్రింగు పొడవు 480 మి.మీ. అనుకోండి. చివరి చుట్లతో కలిపి 54 చుట్లు పూర్తిగా అతుక్కుంటే 243 మి.మీ. అంటే నొక్కడానికి 237 మి.మీ. ఉంది. ట్రావెల్ 190, ప్రీలోడ్ 30 కలిపి కావాల్సింది 220. ఫరవాలేదు. ఆరు చుట్లు కోశాక పొడవు దాదాపు 426, అతుక్కుంటే 216. నొక్కడానికి మిగిలింది 210. కావాల్సింది 220! అంటే ఫోర్క్ చివరికి చేరకముందే, 10 మి.మీ. ముందే, స్ప్రింగు ఇనుప కడ్డీలా బిగుసుకుపోతుంది. మీరు వదిలించుకుందామనుకున్న టక్కు ఈసారి ఇంకా గట్టిగా వస్తుంది, ఆ దెబ్బ ఫోర్క్ పై మూత (క్యాప్) మరలకీ, లోపల ఆయిల్ దూరే రంధ్రాలున్న డ్యాంపర్ రాడ్‌కీ పడుతుంది. కొత్త స్ప్రింగు కొన్నా, స్పేసరు పెంచినా ఈ లెక్క తప్పక వేసుకోండి, కనీసం 10 మి.మీ. మిగలాలి. గ్యాస్ కట్టర్‌తో కోయడం గురించి మాట్లాడను, వేడికి స్ప్రింగు గుణమే పోతుంది.

షాపులో ఉన్న 40 శాతం జత ఎందుకు వద్దో కూడా చెప్పాలి. ప్రీలోడ్ తగ్గించి దాంతోనూ శాగ్ సరిపెట్టవచ్చు, కాబట్టి కొలతల్లో మరీ తప్పుగా కనిపించకపోవచ్చు. కానీ మీ వేగాల్లో చివరి 40, 50 మి.మీ. ట్రావెల్ ఎప్పటికీ వాడరు. ప్రతి చిన్న రాయీ చేతులకు తెలుస్తుంది, గంటకే ముంజేతులు పట్టేస్తాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు రీబౌండ్, అంటే నొక్కుకున్న ఫోర్క్ తిరిగి పైకి లేవడం. గట్టి స్ప్రింగు నొక్కుకున్నాక అంత బలంగానూ వెనక్కి తన్నుతుంది. మీ ఫోర్క్‌లో ఆ రీబౌండ్‌ని సర్దుకునే స్క్రూ లేదు. డ్యాంపర్ రాడ్‌లో ఫ్యాక్టరీ పెట్టిన రంధ్రాలే దిక్కు.

ఆ రంధ్రాల నుంచే ఆయిల్ మాట. డ్యాంపర్ రాడ్ ఫోర్క్‌లో ఆయిల్ స్థిరమైన రంధ్రాల గుండా దూరాలి. ఆ అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే బ్రేక్ వేసినప్పటి మెల్లని కుంగుడుకి ఆయిల్ పెద్దగా అడ్డు చెప్పదు, పదునైన రాయి తగిలినప్పుడు మాత్రం గోడలా నిలబడుతుంది. 20డబ్ల్యూ పోస్తే బ్రేక్ కుంగుడు కాస్త నెమ్మదిస్తుంది, అంతిమంగా దిగే దూరం మారదు. ఎందుకంటే బరువు మోసేది స్ప్రింగు, ఆయిల్ కాదు. పైగా వరస రాళ్ల మీద చిక్కటి ఆయిల్ ఫోర్క్‌ని తిరిగి పైకి రానివ్వదు. మొదటి రాయికి దిగినది లేవకముందే రెండోది, మూడోది తగులుతాయి, ఫోర్క్ మెట్టుమెట్టుగా కిందికి కూరుకుపోయి చివరకు అడుగు తగులుతుంది. అడుగు తగలకూడదని పోసిన ఆయిలే అడుగు తగిలిస్తుందన్నమాట.

15 శాతం గట్టి స్ప్రింగుకి కావాల్సిన అదనపు రీబౌండ్ అదుపు 7 శాతం దగ్గర ఉంటుంది. సర్వీస్ మాన్యువల్ చెప్పిన గ్రేడులోనే కాస్త చిక్కటి కంపెనీది తీసుకుంటే సరిపోతుంది. డబ్బా మీద డబ్ల్యూ పక్కన ఉన్న అంకెను అన్ని కంపెనీలూ ఒకే కొలతతో వేయవు. రెండు 10డబ్ల్యూ ఆయిల్స్‌లో 40 డిగ్రీల దగ్గర చిక్కదనం ఒకదానిది 35 సెంటీస్టోక్స్ ఉంటే ఇంకొకదానిది 45 దాటవచ్చు. కంపెనీ సైట్‌లో డేటా షీట్ ఉంటుంది, ఆ అంకె చూసి కొనండి. బండి కొన్నప్పటి నుంచి ఫోర్క్ ఆయిల్ మార్చి ఉండకపోతే, ముందు అది మార్చి ఒకసారి నడిపి చూడమనే చెప్తాను. నల్లటి నీళ్లలా బయటికి వచ్చే ఆయిల్‌తో ఏ ఫోర్కూ సరిగ్గా పని చేయదు.

ఆయిల్ ఎంత చిక్కగా ఉందన్నది ఒకటి, ఎంత ఎత్తున ఉందన్నది ఇంకొకటి. స్ప్రింగు తీసి, ఫోర్క్‌ని పూర్తిగా నొక్కి పెట్టినప్పుడు ట్యూబు పై అంచు నుంచి ఆయిల్ వరకు ఉన్న దూరాన్ని ఎయిర్ గ్యాప్ అంటారు. ఆ గాలి కూడా స్ప్రింగే, కాకపోతే చివర్లో మాత్రమే మేల్కొంటుంది. 37 మి.మీ. ట్యూబుకి నేను లెక్క వేస్తే, గ్యాప్ 140 నుంచి 120కి తగ్గించినప్పుడు ట్రావెల్ చివర్లో రెండు లెగ్గులూ కలిపి దాదాపు 10 కిలోల అదనపు ఆసరా వచ్చింది. సగం ట్రావెల్ దగ్గర వచ్చింది కిలో పైచిలుకు మాత్రమే. శాగ్ బాగుండి, ఎప్పుడో పెద్ద దెబ్బకి మాత్రమే అడుగు తగులుతుంటే స్ప్రింగు జోలికి పోకుండా దీంతోనే సరిచేయవచ్చు. మాన్యువల్ అంకె దగ్గర మొదలుపెట్టి, 10 మి.మీ. చొప్పున తగ్గించండి. అత్యాశకు పోతే గాలికి చోటు లేక సీళ్లు లీకవుతాయి.

బిగించే పని గురించి కొద్దిగానే చెప్తాను, పనిముట్లున్న మెకానిక్ దగ్గర చేయించుకోవడం మేలు. అయినా పక్కన నిలబడి చూడాల్సినవి ఉన్నాయి. పై క్లాంపు బోల్టులు వదులు చేసి, కింది క్లాంపు బిగించి ఉండగానే టాప్ క్యాప్‌ని మొదటి పావు మలుపు వదులు చేయాలి. లెగ్ బయటికి తీశాక ఆ పని చేస్తే వైస్‌లో పట్టి ట్యూబు మీద గీతలు పడేస్తారు. క్యాప్ చివరి మరలు వదిలే సమయంలో ముఖం పైన పెట్టకండి, కింద స్ప్రింగు నొక్కుకుని ఉంది. లెగ్గులు పూర్తిగా తీసి తలకిందులు చేసి, పంపు చేసి పాత ఆయిల్ వంపాలి. బండి మీద ఉంచే స్ప్రింగు మార్చేస్తాం అన్నవాళ్లు పాత ఆయిల్ అలాగే వదిలేస్తున్నారని అర్థం. బ్రేక్ క్యాలిపర్‌ని (డిస్కుని పట్టే భాగాన్ని) బ్రేక్ గొట్టం మీద వేలాడదీయకూడదు, తాడుతో కట్టాలి. ముందు చక్రానికి ఏబీఎస్ సెన్సర్ వైరు ఉంది, లాగితే తెగుతుంది.

కొత్త ఆయిల్ పోశాక, గాలి బుడగలు పోయేదాకా ఫోర్క్‌ని పంపు చేసి, పది నిమిషాలు నిలబెట్టి, అప్పుడు గ్యాప్ కొలవాలి. రెండు లెగ్గుల్లోనూ ఒకే గ్యాప్ ఉండాలి. స్పేసరుకి గట్టి పీవీసీ పైపు పనికొస్తుంది, రెండు చివరలూ లంబంగా కోసి, స్ప్రింగుకీ పైపుకీ మధ్య స్టీలు వాషర్ పెట్టాలి, లేకపోతే స్ప్రింగు చివర పైపుని కొరుకుతుంది. మొదటిసారి పైపు 10 మి.మీ. ఎక్కువ పొడవు ఉంచండి, శాగ్ చూసుకుని కోసుకోవచ్చు, అతికించలేం కదా. క్యాప్ మరలు సన్నటి అల్యూమినియం మరలు, చేత్తో తిరిగినంత దూరం చేత్తోనే తిప్పాలి. చక్రం ఎక్కించాక యాక్సిల్ బిగించి, పించ్ బోల్టు (లెగ్ అడుగున యాక్సిల్‌ని నొక్కి పట్టేది) వదులుగానే ఉంచి, బ్రేక్ పట్టుకుని ఫోర్క్‌ని నాలుగైదు సార్లు గట్టిగా నొక్కి, ఆ తర్వాతే పించ్ బోల్టు బిగించాలి. లెగ్గులు వాటంతట అవే సమాంతరంగా సర్దుకుంటాయి. ఇది చేయకపోవడం వల్లే కొత్త స్ప్రింగులు వేశాక ‘గట్టిగా ఉంది’ అనేవాళ్లు చాలామంది.

రెండు వైపులా ఒకే రేటు స్ప్రింగు ఉండి తీరాలన్న నియమం లేదు. రెండు లెగ్గులూ ఒకే యాక్సిల్‌కి బిగించి ఉంటాయి కాబట్టి ఫోర్క్‌కి తెలిసేది రెండింటి మొత్తమే. ఒక వైపు 0.50, ఇంకో వైపు 0.58 పెడితే సగటు 0.54. షోవా వాళ్లు ఒక్క లెగ్‌లోనే స్ప్రింగు పెట్టి మోటోక్రాస్ ఫోర్కులు చేశారు. మీరు రెండు రేట్ల మధ్య తేల్చుకోలేకపోతే పాతదొకటి, కొత్తదొకటి వేసి నడిపి చూడవచ్చు.

ముందు వైపు ఇంత చేసి వెనక వదిలేయకండి. నిజానికి వెనక నుంచే మొదలుపెట్టాలి. మీ బరువుకి వెనక షాకబ్జర్ ఎక్కువ కుంగి ఉంటే బండి వెనక్కి వాలుతుంది, ముందు కొలతలు కూడా తప్పుతాయి. వెనక ట్రావెల్ 170 మి.మీ., మీరు ఎక్కాక 50 నుంచి 55 కుంగేలా ప్రీలోడ్ రింగు తిప్పుకోండి. చివరి మెట్టు దాకా తిప్పినా 65 దాటి కుంగుతుంటే అక్కడ కూడా స్ప్రింగు చాలడం లేదు. ముందు మాత్రమే గట్టిపరిస్తే హ్యాండిల్ బరువెక్కి మలుపుల్లో బయటికి తోసుకుపోతుంది, ఇసుకలో ఇది బాగా తెలుస్తుంది.

ఇదంతా అయ్యాక కూడా పదునైన రాళ్ల మీద చేతులు అదురుతుంటే అది స్ప్రింగు పని కాదు, డ్యాంపర్ రాడ్ రంధ్రాల పని. దానికి కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్ అనే చిన్న వాల్వు దొరుకుతుంది, డ్యాంపర్ రాడ్ మీద, స్ప్రింగు కింద కూర్చుంటుంది. దెబ్బ బలంగా ఉంటే తెరుచుకుని ఆయిల్‌కి దారిస్తుంది, మెల్లని కదలికకి అడ్డుపడుతుంది. రాడ్‌లో రంధ్రాలు పెద్దవి చేయాలి, మళ్లీ పాత స్థితికి తేలేం. అంత ఖర్చు పెట్టే ముందు ప్రో వెర్షన్‌లో వచ్చే 250 మి.మీ. ఫోర్క్ సంగతి కూడా చూడండి. దాంట్లో సర్దుబాట్లు ఉన్నాయి, ట్రావెల్ 60 మి.మీ. ఎక్కువ. అయితే వెనక కూడా దానికి తగ్గ 220 మి.మీ. ట్రావెల్ షాకబ్జర్ వేయాలి, సీటు 891 మి.మీ. ఎత్తుకు పోతుంది. రాళ్ల దారిలో పదేపదే కాలు ఆనించేవాళ్లకి అది వరం కాదు. వంజంగి లాంటి దారికి 15 శాతం గట్టి స్ప్రింగు, కొత్త ఆయిల్, సరైన శాగ్ ఉన్న 190 మి.మీ. ఫోర్క్ చాలని నా అభిప్రాయం. గెంతించాలన్న సరదా ఉంటే లెక్క వేరు.

ఈ వారాంతంలో జిప్ టై కట్టి తిరిగి రండి. టై ఎక్కడ ఆగిందో, ముందు వెనకల ఫ్రీ శాగ్, రైడర్ శాగ్ ఎంత వచ్చాయో, ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో రాయండి. స్ప్రింగు బయటికి తీయగలిగితే తీగ మందం, బయటి వ్యాసం, చుట్లు, పొడవు కూడా. అవి చూసి తీగ 4.6 కావాలో ఇంకేదైనా కావాలో చెప్తాను. అప్పటిదాకా ఆ హెవీ డ్యూటీ జతకి అడ్వాన్సు ఇవ్వకండి.